ఊరి సంఘం ఐదు చోట్లకు చెదిరింది, ఒక్కటిగా నిలవడం ఎలా?

ప్రశ్న: ప్రభువు నామంలో వందనాలు. మాది పరకాల దగ్గర చిన్న ఊరు. సంఘంలో 32 కుటుంబాలు. ఒకప్పుడు శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వస్తే చాప మీద జాగా దొరికేది కాదు. ఇప్పుడు మావాళ్ళు 19 మంది బయటే ఉన్నారు. దుబాయ్‌లో ఏడుగురు, కువైట్‌లో నలుగురు, సౌదీలో ఇద్దరు, హైదరాబాద్‌లో నలుగురు, భీవండిలో మరమగ్గాల మీద ఇద్దరు. వాట్సాప్ గ్రూపు ఉంది కానీ అందులో గుడ్ మార్నింగ్ వాక్యాలు, ‘పది మందికి పంపండి’ అనే వీడియోలు తప్ప ఇంకేం రావు. కువైట్‌లో ఉన్న మా తమ్ముడు అక్కడి ఒక సహవాసంలో చేరి, మన ఊరి సంఘంలో ఆత్మ లేదు, నేను మళ్ళీ బాప్తిస్మం తీసుకుంటా అంటున్నాడు. సౌదీలో ఉన్న మా ఆయన చర్చి మొఖం చూసి రెండేండ్లయింది. మేమింకా ఒక్క సంఘమేనా? వీళ్ళ విశ్వాసం నిలవడానికి ఇక్కడున్న మేం చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక సోదరి, హనుమకొండ జిల్లా

జవాబు: సోదరీ, వందనాలు. మీరింకా ఒక్క సంఘమే. ఇందులో సందేహం పెట్టుకోకండి. మిమ్మల్ని ఒక్కటి చేసింది ఆ చాప కాదు, క్రీస్తు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో పౌలు ఐక్యతను తయారు చేయమని అడగలేదు, ఆత్మ ఇచ్చిన ఐక్యతను కాపాడుకోమన్నాడు. కాపాడటానికి మాత్రం పని ఉంటుంది. అది రోజూ చేయాల్సిన పని, ఎవరు ఎప్పుడు చేస్తారో తేలాల్సిన పని.

మీరు ముందుగా కొలొస్సయులకు రాసిన పత్రిక తీసి, నాలుగు అధ్యాయాలు ఒక్కసారే చదవండి. ఇరవై నిమిషాలు పడుతుంది. పౌలు ఆ ఊరివాళ్ళ ముఖం చూడలేదు, వాళ్ళు ఆయన ముఖం చూడలేదు. 2వ అధ్యాయం మొదట్లో ఆయనే ఆ మాట అన్నాడు. అక్కడ సువార్త నేర్పింది ఎపఫ్రా. పౌలు సంకెళ్ళలో ఉన్నాడు, ఎపఫ్రా కూడా సొంత ఊరికి దూరంగా ఆయన దగ్గరే ఉన్నాడు. అయినా 2:5లో, శరీరంతో దూరంగా ఉన్నా ఆత్మతో మీ దగ్గరే ఉన్నాను, మీ క్రమమూ విశ్వాసంలో మీ స్థిరత్వమూ చూసి సంతోషిస్తున్నాను అని రాశాడు. ఆయన చూసింది ఆ రెండే. ఎంతమంది కూడారు, ఎవరు బాగా పాడారు అని అడగలేదు. మీరూ మీవాళ్ళను ఆ రెండే అడగాలి: నీ దినచర్యలో ప్రార్థనకు, వాక్యానికి ఒక క్రమం ఉందా? కష్టం వచ్చినప్పుడు దేన్ని పట్టుకుని నిలబడుతున్నావు?

అదే పత్రిక 4వ అధ్యాయంలో దూరాన్ని దాటే పనులన్నీ కనిపిస్తాయి. ఎపఫ్రా వాళ్ళకోసం ప్రార్థనలో పోరాడుతున్నాడు. తుకికు, ఒనేసిము ఉత్తరం పట్టుకుని వెళ్తున్నారు, ఇక్కడి సంగతులు అక్కడ చెప్పడానికి, వాళ్ళ హృదయాలకు ఆదరణ ఇవ్వడానికి. చదివాక ఆ ఉత్తరాన్ని పొరుగు ఊరు లవొదికయకు పంపి, అక్కడిది తెప్పించుకుని చదవమన్నాడు. చివర్లో తన చేత్తో వందనం రాశాడు. పేరు పేరునా ప్రార్థన, మనిషి ద్వారా కబురు, అందరూ కలిసి చదివే ఒకే వాక్యం, సొంత చేతిరాత. మీకు కావలసింది కూడా ఇంతే. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది కాబట్టి కొంత సులువు, కొంత కష్టం.

కష్టం గురించి ముందు చెప్పుకుందాం. గ్రూపులో రోజుకు నలభై ఫార్వర్డ్‌లు వస్తే, ‘అన్నా, నాకు మూడు నెలల జీతం రాలేదు, ప్రార్థన చేయండి’ అనే ఒక్క మాట వాటి కింద పడిపోతుంది. ఒకసారి అట్లా పడిపోయాక ఆ మనిషి మళ్ళీ రాయడు. గ్రూపు మూగబోవడానికి అసలు కారణం ఇదే, ప్రేమ తగ్గి కాదు. అందుకే ఆ పెద్ద గ్రూపును తీసేయకుండా, అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ మార్చండి. అందులో ఆరాధన వేళలు, జననాలు, మరణాలు, పెళ్ళిళ్ళు తప్ప ఏదీ రాకూడదు. మాట్లాడుకోవడానికి నలుగురేసి చిన్న గుంపులు పెట్టండి. ప్రతి గుంపులో ఇద్దరు ఇక్కడివాళ్ళు, ఇద్దరు బయటివాళ్ళు ఉండాలి. ఆడవాళ్ళవి వేరుగా, మగవాళ్ళవి వేరుగా పెట్టండి. లేకపోతే ఇంటి సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు. మొదట రెండు గుంపులతో రెండు నెలలు నడిపి చూడండి, అన్నీ ఒకేసారి మొదలుపెడితే నెలకే చల్లబడతాయి.

దర్శనాలు వచ్చాయని, ఈ నంబరుకు డబ్బులు పంపితే వీసా దొరుకుతుందని తిరిగే వీడియోల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొలొస్సయి సంఘానికి వచ్చిన ప్రమాదం కూడా దాదాపు ఇలాంటిదే. చూసినవాటిని చెప్పుకుని ఉప్పొంగేవాళ్ళు, శిరస్సైన క్రీస్తును గట్టిగా పట్టుకోనివాళ్ళు అని పౌలు 2:18, 19లో హెచ్చరించాడు. దూరంగా ఒంటరిగా ఉన్నవాడికి ఇలాంటివి తొందరగా ఎక్కుతాయి. అలాంటిది ఎవరైనా పంపితే గ్రూపులో మందలించకండి, విడిగా ఫోన్ చేసి, నీకేమైనా ఇబ్బంది ఉందా అని అడగండి. చాలాసార్లు ఆ వీడియో వెనుక ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది.

ప్రార్థన జాబితా ఇట్లా చేయండి. ఒక రూళ్ళ నోటుబుక్కు తీసుకోండి, ఫోన్‌లో వద్దు. 19 పేర్లను ఏడు రోజులకు పంచండి: సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ముగ్గురు, శని, ఆదివారాలు ఇద్దరేసి. ఒక్కో పేరుకు ఒక పేజీ. పేజీ మీద మూడు గడులు గీయండి: అడిగిన తేదీ, అడిగిన విషయం, జవాబు వచ్చిన తేదీ. విషయం ఒక్కటే రాయాలి, విడమరిచి రాయాలి. ‘దీవించు ప్రభువా’ అని రాస్తే రెండో వారానికి పేరు చదివి పేజీ తిప్పేస్తారు. ‘ఇఖామా (అక్కడ ఉండే అనుమతి కార్డు) రెన్యువల్ ఈ నెల 20 లోపు కావాలి’, ‘రూమ్‌మేట్‌తో మాటలు లేవు’ అని రాస్తే ప్రార్థన చేసే మనిషికి పని ఉంటుంది. పదిహేను రోజులకోసారి ఒక మనిషి ఆ 19 మందికీ ఒకే ప్రశ్న పంపాలి: ఈ రెండు వారాలకు నీకోసం ఏం అడగాలి? ఈ బాధ్యత స్త్రీల మైత్రిలో (సంఘంలోని ఆడవాళ్ళ కూటమిలో) ఒకరికి అప్పగించండి, నెలనెలా మార్చకండి. ఎవరికీ చెప్పొద్దన్న విషయమైతే పేజీలో ‘ఒక మనవి’ అని మాత్రం రాయాలి. ప్రార్థన పేరుతో గుట్టు బయటపడితే ఆ కుటుంబం సంఘానికి దూరమైపోతుంది.

బయటివాళ్ళకు కూడా ఒక జాబితా పంపండి. ఇది చాలా సంఘాలు మరిచిపోతాయి. వాళ్ళు ప్రార్థన అందుకునేవాళ్ళే కాదు, చేసేవాళ్ళు కూడా. ఊర్లో మంచాన ఉన్న ముసలమ్మ పేరు, పదో తరగతి రాసే పిల్లల పేర్లు, మీ అయ్యగారి (పాస్టరు) పేరు వాళ్ళ చేతిలో ఉండాలి. రోమీయులకు 1:12లో పౌలు, మీ విశ్వాసంతో నేను, నా విశ్వాసంతో మీరు ఆదరణ పొందాలి అన్నాడు. దుబాయ్‌లో రాడ్ బెండింగ్ చేసే తమ్ముడికి, తన ప్రార్థన కోసం ఊర్లో ఒకరు ఎదురుచూస్తున్నారని తెలిస్తే తాను ఇంకా ఈ సంఘంలోనే ఉన్నానని తెలుస్తుంది. వీడియోలు ఎన్ని పంపినా ఆ నమ్మకం రాదు.

ఇక కలిసి ప్రార్థన చేసే వేళ. మనకు రాత్రి 9:30 అయితే దుబాయ్‌లో 8 గంటలు, కువైట్, సౌదీలలో 7 గంటలు. 9 గంటలకు పెడితే కువైట్ తమ్ముడు అప్పుడే డ్యూటీ బస్సు దిగి స్నానానికి లైన్‌లో ఉంటాడు. శుక్రవారం 9:30 మీకు కుదురుతుంది, ఎందుకంటే గల్ఫ్‌లో చాలామందికి ఆ రోజు సెలవు, మీకు ఎట్లాగూ ఉపవాస ప్రార్థన రోజు. ప్రతి వారం వద్దు, నెలకు రెండుసార్లు చాలు. భీవండి తమ్ముళ్ళకు షిఫ్టు వారం వారం మారితే ఒకసారి కలుస్తారు, ఒకసారి కలవలేరు, దానికి నిందించకండి.

జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు కాల్ ఆగిపోతుంది. అది మంచిదే. మూడు నిమిషాలు పాట, ఎనిమిది నిమిషాలు వాక్యం, తర్వాత ముగ్గురికి ఐదేసి నిమిషాలు తమ సంగతి చెప్పుకోవడానికి, పది నిమిషాలు ప్రార్థన. మొత్తం 36. మిగతా నాలుగు నెట్‌వర్క్ తెగిపోవడానికే పోతాయి. పాట ఒక్కరే పాడాలి, మిగతా అందరూ మ్యూట్‌లో పెట్టుకుని తమ చోట పాడుకోవాలి. ఒక చోటి గొంతు ఇంకో చోటికి కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అందరూ ఒక్కసారి పాడితే పల్లవి, చరణం కలిసిపోయి గందరగోళమవుతుంది. ఆ ఇబ్బందికే చాలా కూడికలు మూడో వారానికి ఆగిపోతాయి. ప్రసంగం వద్దు. ప్రసంగాలు వాళ్ళకు ఫోన్‌లో కావలసినన్ని ఉన్నాయి. దొరకనిది తమ మాట వినే మనిషి.

దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు వెళ్తాయి. జూమ్, బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే వాడమనండి. వీపీఎన్ పెట్టి దొడ్డిదారి వెతకొద్దని గట్టిగా చెప్పండి. ఫోన్ సరిగా వాడటం రాని అమ్మలతో నెలకోసారి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ రికార్డు చేయించండి: ఒక వాక్యం, ఇంటి కబురు ఒకటి, ఒక ప్రార్థన. రెండు నిమిషాలు దాటితే సైటులో వినడానికి తీరిక ఉండదు.

ఇప్పుడొక కఠినమైన మాట. ఊరి ఆరాధనను ఫోన్‌లో చూపిస్తే బయటివాళ్ళ బాధ్యత తీరిపోయిందని అనుకోకండి. చర్చికి వెళ్ళే వీలున్న చోట ఉన్నవాళ్ళు అక్కడి సంఘంలో మనిషిగా కూర్చోవాలి. మీ 10:30 ఆరాధన దుబాయ్‌లో ఉదయం 9 గంటలు, కువైట్‌లో 8 గంటలు. చాలామందికి అది డ్యూటీ వేళ. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూసేది ఆరాధనలో సగం కూడా కాదు. హెబ్రీయులకు 10:25 అడిగేది సమాజంగా కూడడం. దుబాయ్‌లో ఊద్ మేథా, జెబెల్ అలీ ప్రాంతాల్లో చర్చిలు పక్కపక్కనే ఉన్నాయి. కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు కూడుకుంటాయి. ఎమిరేట్స్‌లో 2022 నుంచి ప్రభుత్వ సెలవు శని, ఆదివారాలకు మారింది కానీ కంపెనీని బట్టి సెలవు ఉంటుంది. ఎవరికి ఏ రోజు సెలవో అడిగి తెలుసుకుని, ఆ రోజు ఆరాధన ఉన్న సంఘం వెతకమనండి. హైదరాబాద్ వాళ్ళకు సాకే లేదు. అక్కడే ఎక్కువమంది జారిపోతారు, పండుగకు ఊరికి వస్తున్నాం కదా అనుకుంటూ.

వెళ్ళేవాళ్ళ చేతిలో ఒక పరిచయ లేఖ పెట్టండి. అపొల్లో అకయకు వెళ్ళేటప్పుడు ఎఫెసు సహోదరులు ఆయన్ని చేర్చుకోమని ఉత్తరం రాసి పంపారు (అపొస్తలుల కార్యములు 18:27). లేఖలో పేరు, బాప్తిస్మం తీసుకున్న తేదీ, స్థలం, ప్రభురాత్రి భోజనంలో పాలు (భాగం) ఉందా లేదా, వివాహ వివరం, అయ్యగారి సంతకం, సంఘ ముద్ర, ఫోన్ నంబరు ఉండాలి. మూడు ప్రతులు తీసి ఒకటి సంఘంలో, ఒకటి ఇంట్లో ఉంచండి, ఒకటి మనిషి వెంట పంపండి. ఆ లేఖ లేక కొత్త చోట వెనక బెంచీలోనే ఏండ్ల తరబడి కూర్చుండిపోయేవాళ్ళున్నారు.

మీ తమ్ముడి విషయం. అతను ఊర్లో లేని ఆకలితో ఉన్నాడేమో ముందు చూడండి. అక్కడ అతనికి పేరు పెట్టి పిలిచేవాళ్ళు, భోజనం పెట్టేవాళ్ళు దొరికి ఉంటారు. అది దేవుడిచ్చిన మేలే, దానికి కృతజ్ఞత చెప్పండి. కానీ ‘ఆత్మ లేదు’ అన్న మాటకు గ్రూపులో జవాబు ఇవ్వకండి. పది మంది ముందు అన్న మాటను మనిషి వెనక్కి తీసుకోలేడు. అయ్యగారు విడిగా, తీరిగ్గా ఒక గంట మాట్లాడాలి. మూడు ప్రశ్నలు అడగాలి: వాళ్ళు యేసు గురించి ఏం నేర్పుతున్నారు? మిగతా సంఘాలవాళ్ళను రక్షణ లేనివాళ్ళంటున్నారా? డబ్బు గురించి ఏం చెబుతున్నారు? మొదటిదానికి సరైన జవాబు, మిగతా రెండింటికీ శాంతమైన జవాబు వస్తే అక్కడ కొనసాగనివ్వండి, సహోదరుడిగానే చూడండి. బాప్తిస్మం సంగతికి వస్తే, ఎఫెసీయులకు 4:5 బాప్తిస్మం ఒక్కటే అంటుంది. పసితనంలో ఇచ్చే సంఘాలు, విశ్వసించాక ముంచి ఇచ్చే సంఘాలు ఈ మాటను వేర్వేరుగా అర్థం చేసుకుంటాయి. అది ఫోన్‌లో తెగేది కాదు. ‘ఛుట్టీకి వచ్చేదాకా ఆగు, వాక్యం ముందు పెట్టుకుని కలిసి కూర్చుందాం’ అని ఒక్క మాట తీసుకోండి.

వేర్వేరు సంఘాలవాళ్ళు ఓపికతో కలిసి నడవాలనే ఈ పాఠం మన ప్రాంతానికి కొత్తది కాదు. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే ఒకే రైలు దారి మీద కాజీపేటలో కథోలికుల ఫాతిమా కెథడ్రల్, డోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ ఉన్నాయి. ఆ దారి పక్కనే హనుమకొండలో బాప్టిస్టు మిషను. డోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకుని ఇక్కడే ఉండిపోయాడు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. వేర్వేరు మిషన్ల సంఘాలు ఒక్కటి కావాలని 1919 తరంగంబాడి సమావేశం నుంచి పాటుపడ్డాడు. అలా కొన్ని సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న, ఆయన చనిపోయింది 1945 జనవరి 1న. తాను చూడని ఐక్యత కోసం పాతికేండ్లు ఓపిక పట్టిన మనిషి మన జిల్లాల నేల మీదే తిరిగాడు. తమ్ముడి విషయంలో మీకు ఒకటి రెండేండ్ల ఓపిక కావాలి.

సౌదీలో ఉన్న మీ ఆయన విషయం వేరు. అక్కడ చర్చి లేదు, బహిరంగంగా ఆరాధించే వీల్లేదు. రెండేండ్లు చర్చి చూడకపోవడం ఆయన తప్పు కాదు. ఆ మాట ఆయనతో మీ నోటితో చెప్పండి, అపరాధ భావంతోనే చాలామంది ప్రార్థన మానేస్తారు. అక్కడివాళ్ళు నలుగురు కూడిన ఫోటోలు, రూమ్ అడ్రసు, పేర్లు ఏ గ్రూపులోనూ పెట్టకండి, క్రిస్మస్‌కు కూడా. ఆయనకు కావలసింది ఒంటరిగా నడిచే క్రమం. కీర్తనలు 150, రోజుకు ఐదు చొప్పున 30 రోజుల్లో పూర్తవుతాయి. 119వ కీర్తన ఒక్కటే 176 వచనాలు, దాన్ని ఆ రోజు లెక్కలో కలపక సెలవు రోజుకు ఉంచమనండి. ఉదయం మూడు, పడుకునే ముందు రెండు. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, చిన్నప్పుడు నేర్చిన నాలుగు పాటలు నోటికి రావాలి, ఎందుకంటే ఫోన్ చార్జింగ్ అయిపోయినా అవి ఉంటాయి. మీరూ అదే రోజు అవే కీర్తనలు చదవండి. రాత్రి ఫోన్‌లో ‘ఈ రోజు ఏ వచనం పట్టుకున్నావు?’ అని ఒక్కటి అడగండి. ఇంటి అప్పు, పిల్లల ఫీజుల మాటలు అయ్యాక కాదు, వాటికి ముందు.

డబ్బు గురించి తక్కువలో చెబుతాం. కానుక పంపేవాళ్ళు బ్యాంకు ద్వారా సంఘ ఖాతాకే పంపాలి, అయ్యగారి సొంత ఖాతాకు వద్దు. ఇద్దరు పెద్దలు లెక్క చూసి, మూడు నెలలకోసారి జమాఖర్చు ఫోటో తీసి అందరికీ పంపాలి. పౌలు కూడా యెరూషలేము చందా తీసుకెళ్ళేటప్పుడు నింద రాకుండా ఇతర సహోదరులను వెంట పెట్టాడు (2 కొరింథీయులకు 8:20). భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు విదేశం నుంచి సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి కావాలి. ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం నేరం, క్యాంపులో ‘చర్చి స్లాబుకు’ అని డబ్బా తిప్పొద్దని మీవాళ్ళకు చెప్పండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఊర్లో తల్లో తండ్రో పోతే, కొడుకు రాలేకపోతే, దూరం నిజంగా గుండెల మీద పడేది ఆ రోజే. ముందే ఏర్పాటు చేసుకోండి. మట్టి చేసేటప్పుడు ఫోన్ పట్టుకునే పని ఇంటివాళ్ళకు ఇవ్వకండి, వాళ్ళ చేతులు వణుకుతాయి, వాళ్ళు ఏడవాలి కూడా. సంఘంలో ఒక యువకుడికి అప్పగించండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, పవర్ బ్యాంకు వెంట ఉంచుకుని, ఎండకు తెర కనిపించేలా గొడుగు నీడలో నిలబడాలి. గుంట దగ్గర మాటలు వినపడవు కాబట్టి అయ్యగారి పక్కనే ఉండాలి. అయ్యగారు ప్రార్థనలో దూరాన ఉన్న కొడుకు పేరు ఎత్తాలి. కాల్ పెట్టేశాక గంటలోపు ఇంకొకరు అతనికి మళ్ళీ ఫోన్ చేయాలి. అంతకంటే ముఖ్యం, ఆ రాత్రి అతని రూమ్‌లో ఎవరైనా పక్కన ఉండాలి. అతను దుబాయ్‌లో ఉంటే, అక్కడున్న మిగతా ఆరుగురిలో ఎవరు వెళ్తారో ముందే అనుకుని ఉంచండి. మూడో నాడు, నలభయ్యో నాడు, సంవత్సరానికి తేదీ నోటుబుక్కులో రాసుకుని మెసేజ్ పెట్టండి. మొదటి వారం దాటితే అందరూ మరిచిపోతారు.

ఛుట్టీకి వచ్చినవాళ్ళను మొదటి ఆదివారమే సాక్ష్యం చెప్పమని ముందుకు పిలవకండి. శాలువాలు కప్పకండి. కుటుంబంతో కూర్చోనివ్వండి, ప్రభురాత్రి భోజనంలో పాలు పుచ్చుకోనివ్వండి. రెండో వారంలో ఇద్దరు పెద్దలు ఇంటికి వెళ్ళి గంటసేపు వినండి. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ మనిషే మీ తుకికు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ సంఘం నుంచి చేత్తో రాసిన ఒక పేజీ ఉత్తరం పంపండి. పత్రికలు అంత చక్కగా రాసిన యోహాను కూడా సిరా, కాగితంతో చాలదు, ముఖాముఖి మాట్లాడాలి అన్నాడు (2 యోహాను 12). కాబట్టి మనిషి వస్తున్నాడంటే ఆ అవకాశం జారనివ్వకండి.

వచ్చే స్త్రీల మైత్రి కూడికలోనే నోటుబుక్కు తెరిచి 19 పేర్లు రాయండి. మీ ఆయనతో కీర్తనలు ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. తమ్ముడికి మాత్రం అయ్యగారితో మాట్లాడాకే ఫోన్ చేయండి. చేసినప్పుడు మొదట అతని ఆరోగ్యం, తిండి, పని అడగండి. ఆ రోజు బాప్తిస్మం మాట ఎత్తకండి.